కాకటీల్ జంటకు బాక్స్ పెట్టే ముందు

మా కాకటీల్ జంట మొదటిసారి గుడ్లు పెట్టిందని తెలిసిన వారంలో పిల్లలు కావాలని తొమ్మిది మంది అడిగారు. "అక్కా, ఒక పిల్లని మాకు అట్టిపెట్టండి" అని పక్కింటి అమ్మాయి, "మావాడి పుట్టినరోజుకి ఇస్తే బాగుంటుంది" అని మేనమామ కొడుకు, ఇంకా వాచ్‌మన్, పాలబ్బాయి, మా పిల్లల ట్యూషన్ టీచర్. తొమ్మిది పేర్లూ క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాను. పిల్లలు సొంతంగా గింజలు ఒలుచుకు తినే వయసుకొచ్చేసరికి పదకొండు వారాలు పట్టింది. అప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకరి ఇంట్లోకి పిల్లి వచ్చింది. ఒకరి ఇంటివాళ్లు పక్షులు వద్దన్నారు. ఒకరికి బెంగళూరు బదిలీ అయింది. చివరికి మిగిలింది ఇద్దరు. పిల్లలు నాలుగు. ఆ మిగిలిన రెండూ ఈ రోజుకీ నా దగ్గరే ఉన్నాయి.

అందుకే కాకటీల్స్‌ని పొదిగించాలని నన్నడిగేవాళ్లకి గూడు బాక్స్ కొలతలు తర్వాత చెబుతాను. ముందు ఇళ్లు లెక్కపెట్టమంటాను.

మొదటి పని: ఇళ్ల లెక్క

ఈ పక్షి పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన అంగళ్లలో దాన్ని "కాక్‌టైల్" అంటారు. అసలు పేరు కాకటీల్. చూడటానికి చిలుకలా ఉన్నా కాకటూల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది ఇదే. తురాయితో, తోకతో కలిపి సుమారు 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. బరువు 80 నుంచి 100 గ్రాములు. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి పెళ్లినాటికి కూడా ఆ పిట్ట మీ బాల్కనీలో ఈల వేస్తూనే ఉండొచ్చు. ఒక జంట ఒక విడతలో 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. ఏడాదికి రెండు విడతలైతే, అన్నీ బతికితే, ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు. ప్రతి పిల్లకీ ఇరవై ఏళ్ల ఇల్లు కావాలి.

"పిల్లలకి ప్రకృతి పాఠం చూపిద్దాం", "ఒక్కటే ఉంటే బాధపడుతుంది కదా", "అమ్మితే గింజల ఖర్చు వస్తుంది" అనే మాటలు నేను తరచూ వింటాను. మొదటిదానికి గుడ్డు ఇరుక్కుని చనిపోయే పెట్ట కూడా ప్రకృతి పాఠమేనని గుర్తుంచుకోవాలి. రెండోదానికి తోడు కావాలంటే ఇంకో పక్షిని తెచ్చుకుంటే చాలు, గుడ్లు పెట్టించక్కర్లేదు. మూడోది లెక్క కట్టి చూడండి. గింజలు, బాక్స్, డాక్టరు ఫీజు, రెట్ట పరీక్షలు, ఒక్క అత్యవసర వైద్యం కలిపితే ఇంట్లో ఒకటి రెండు జంటలు పెంచేవాళ్లకి మిగిలేదేమీ ఉండదు. మిగలాలంటే పక్షి తిండిలోనో, వైద్యంలోనో, విశ్రాంతిలోనో కోత పడుతుంది. ఆ కోత దాని ఒంట్లోంచే పోతుంది.

మీ దగ్గర రాతపూర్వకంగా కనీసం మూడు ఇళ్లు ఉంటే, మిగిలిన పిల్లలు జీవితాంతం మీ దగ్గరే ఉన్నా ఫరవాలేదనుకుంటే, రెండో పనికి రండి. లేదంటే ఎవరైనా వదిలించుకోవాలనుకుంటున్న పెద్ద పక్షిని తెచ్చుకోండి. నగరాల్లో తప్పించుకుని బాల్కనీల్లో వాలే కాకటీల్స్ తరచూ దొరుకుతుంటాయి. వాటికి ఇల్లు ఇవ్వడం కూడా పక్షుల పెంపకమే. "ఎక్కువైతే ఎగరేస్తాం, స్వేచ్ఛగా బతుకుతాయి" అని మాత్రం అనుకోవద్దు. పంజరంలో పుట్టిన పిట్టకి మన ఊళ్లో తిండి ఎక్కడుందో తెలియదు. కాకి, గద్ద, పిల్లి సాయంత్రంలోగా దాని పని పట్టేస్తాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మన రామచిలుకని ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్ విదేశీ పక్షి. అంతర్జాతీయ సైటిస్ జాబితా నుంచి చిలుకజాతి పక్షుల్లో దీన్ని మినహాయించారు కాబట్టి ఇంట్లో పెంచుకోవచ్చు. దుకాణంగా నడపాలంటే 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఇక 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అందరికీ వర్తిస్తుంది. కదలడానికి చాలని పంజరంలో పెట్టడం దాని ప్రకారం హింసే.

జంటని ఎంచుకోవడం

అంగట్లో "బ్రీడింగ్ పెయిర్" అని ఇచ్చేది చాలాసార్లు ఒకే గూటి అన్నాచెల్లెళ్లు. ఒకే పంజరంలోంచి రెండు తీసి జోడీ కట్టి ఇస్తారు. అమ్మేవాడికి కూడా వాటి పుట్టుక తెలిసి ఉండకపోవచ్చు. హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకున్నా, మగదాన్ని ఒక చోట, ఆడదాన్ని ఇంకో చోట తీసుకోండి. రక్తసంబంధం ఉన్న జంటకి పుట్టే పిల్లల్లో బలహీనమైనవి, అవకరాలున్నవి ఎక్కువ.

వయసు దగ్గర చాలామంది తొందరపడతారు. ఆరు నుంచి తొమ్మిది నెలలకే పెట్ట గుడ్డు పెట్టగలదు. పెట్టగలదు కదా అని పెట్టించకూడదు. ఎముకల్లో కాల్షియం నిల్వ సరిపోని వయసది. కనీసం ఏడాదిన్నర నిండనివ్వండి, రెండేళ్లయితే ఇంకా మంచిది.

మామూలు బూడిదరంగు పక్షుల్లో ఆడామగా గుర్తుపట్టడం తేలిక. మొదటిసారి ఈకలు రాల్చాక మగదాని ముఖం పచ్చగా మెరుస్తుంది, బుగ్గ మీది నారింజరంగు చుక్క ఎర్రబడుతుంది. ఆడదాని ముఖం మసకగానే ఉండి తోక కింద అడ్డచారలు మిగిలిపోతాయి. లుటినో, పైడ్ లాంటి రంగుల్లో ఈ గుర్తులు నమ్మకూడదు. ఈక పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవడమే దారి. ఈల పాటలు నేర్చి వినిపించేది, రెక్కలు కాస్త ఎత్తి గుండె ఆకారంలో నిలబడేది ఎక్కువగా మగది.

రంగుల మోజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లుటినోని లుటినోతో జతకడుతూ పోతే తురాయి వెనక బట్టతల పెద్దదవుతూ వస్తుంది. లుటినోలకి రాత్రిపూట హఠాత్తుగా బెదిరి పంజరానికి కొట్టుకునే అలవాటు కూడా ఎక్కువ. నిమ్మపండు రంగు పిల్ల పుడుతుందని ఆశపడే ముందు, వేరే రంగు మంచి పక్షితో జతకట్టే ఓపిక ఉందో లేదో చూసుకోండి.

కొత్త పక్షిని తెచ్చిన రోజే పాతదాని పక్కన పెట్టకండి. వేరే గదిలో 30 నుంచి 45 రోజులు ఉంచి, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకి చూపించి, రెట్ట పరీక్ష, క్లమీడియా పరీక్ష చేయించండి. ఆ క్లమీడియా జబ్బు మనుషులకీ అంటుతుంది. ఇంట్లో ఎవరికైనా తగ్గని జ్వరం, పొడిదగ్గు వస్తే "మా ఇంట్లో పక్షులున్నాయి" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. కాకటీల్ ఒంటి నుంచి తెల్లటి పొడి నిత్యం రాలుతుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఉండే ఇంట్లో పది పక్షుల గురించి అసలు ఆలోచించొద్దు.

తర్వాత పక్కపక్క పంజరాల్లో పెట్టి చూడండి. ఒకదాని తల ఒకటి దువ్వుకుంటూ, పక్కనే కూర్చుని నిద్రపోతుంటే కుదిరినట్టు. ముక్కుతో పొడుచుకుంటుంటే బలవంతంగా కలపకండి. మనుషులు కుదిర్చిన ప్రతి జంటా కుదరదు.

బాక్స్‌కి ముందు ఆరు వారాల తయారీ

పంజరం జంటకి కనీసం మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. చౌక రకం జింకు పూత తీగల్ని కొరికితే లోహం ఒంట్లోకి పోయి విషమవుతుంది. జామ, నేరేడు, వేప కొమ్మలు కడిగి ఎండబెట్టి కట్టండి. లావూ సన్నం కలిపి ఉంటే కాళ్లకి మంచిది.

తిండి విషయంలో మన ఊళ్లో పక్షి పెంచేవాళ్లకి అదృష్టముంది. కొర్రలు, సజ్జలు, అరికెలు, గోధుమలు కిరాణా కొట్లోనే దొరుకుతాయి. పొద్దుతిరుగుడు గింజలు కొద్దిగానే ఇవ్వండి, అవి కొవ్వు. గింజలు ఎంత మంచివైనా గింజలొక్కటే చాలవు. విటమిన్ ఎ లేకపోతే పెట్టకి, గుడ్లలోని పిల్లకి ఇద్దరికీ కష్టం. మునగాకు కొమ్మ ఒకటి పంజరంలో కట్టి చూడండి, పది నిమిషాల్లో ఈనెలే మిగులుతాయి. తోటకూర, కొత్తిమీర, క్యారెట్ తురుము, మొలకెత్తిన పెసలు రోజూ మార్చి ఇవ్వండి. పెల్లెట్స్ తినడం నేర్పగలిగితే ఇంకా మంచిది. అవకాడో, చాక్లెట్, ఉప్పు పట్టించిన పల్లీలు దగ్గరికి రానివ్వొద్దు.

కాల్షియం కోసం కటిల్‌ఫిష్ ఎముక, అంటే సముద్రపు నురుగు పేరుతో అమ్మేదే, ఎప్పుడూ వేలాడదీసి ఉంచండి. ఉంచితే చాలదు, తింటోందో లేదో చూడాలి. అంచుల మీద ముక్కు గీతలు కనిపించాలి. తినకపోతే గీకి పొడి చేసి మొలకల్లో కలపండి. ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే ఎండ కావాలి. అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు, పట్టాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. పొద్దున ఏడూ ఎనిమిది మధ్య, సగం నీడ ఉండేలా, పంజరాన్ని ఆరుబయట పెట్టండి. మీరు పక్కనే ఉండాలి.

వంటింటికి, పూజగదికి దూరంగా ఉంచండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే వాసన నిమిషాల్లో పక్షిని చంపుతుంది. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, అగరుబత్తి కూడా ఆ చిన్న ఊపిరితిత్తులకి పడవు.

ఎప్పుడు పెట్టాలి బాక్స్?

నా పద్ధతి, దీపావళి వెళ్లాక. కారణం చెబుతాను. టపాకాయల రాత్రి బాక్స్‌లో పసిపిల్లలుంటే, తల్లి చీకట్లో బెదిరి వాటినే తొక్కేస్తుంది. ఒక పండగ రాత్రి రెండు పిల్లల్ని అలా పోగొట్టుకున్న స్నేహితురాలు తర్వాత మళ్లీ బాక్స్ పెట్టలేదు. దీపావళి దాటి నవంబర్ మధ్యలో పెడితే డిసెంబర్లో గుడ్లు, ఆ నెలాఖరుకో జనవరిలోనో పిల్లలు, మార్చికల్లా అవి సొంతంగా తింటుంటాయి. ఎండలు ముదిరే వేళకి పని ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, రామగుండం వేడికి చెక్కపెట్టె పొయ్యి అవుతుంది. గుడ్డులో పిల్ల గుడ్డులోనే పోతుంది, పుట్టిన పిల్లలు వగరుస్తూ పోతాయి.

ఎడారి వర్షాలతో ముడిపడిన పక్షి ఇది. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల్లో వాన కురిసి గడ్డి గింజపట్టాక గూడు కడుతుంది. నీళ్లు, మెత్తటి తిండి, పొడవైన పగలు, చీకటి బొరియ, ఈ నాలుగూ కనిపిస్తే "కాలం వచ్చింది" అని దాని ఒళ్లు తనంతట తానే అనుకుంటుంది. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత ఆపడానికి కూడా ఇదే తాళంచెవి.

బాక్స్ వడ్రంగితో చేయించుకోవచ్చు. లోపల పొడవు, వెడల్పు, ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. ద్వారం 7 నుంచి 8 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం, పైభాగంలో. పక్కన మీరు తెరిచి చూసుకునే తలుపు. ద్వారం నుంచి కిందికి దిగడానికి లోపలి గోడ మీద చిన్న చెక్కమెట్లు, లేకపోతే దూకిన ప్రతిసారీ గుడ్ల మీద పడుతుంది. అడుగున రెండంగుళాల మందాన శుభ్రమైన చిత్రిక పొట్టు వేయండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు వద్దు, జిగురు రసాయనాలుంటాయి. దేవదారు జాతి సీడర్ పొట్టు ఘాటుకి ఊపిరాడదు. కొబ్బరి పీచు కాళ్లకి చుట్టుకుని వేళ్లని కోసేస్తుంది. పొట్టు వేయకుండా నున్నటి చెక్క మీదే వదిలేస్తే పిల్లల కాళ్లు చెరో పక్కకీ జారి వంకరైపోతాయి.

మన ఇళ్లలో ఇంకో శత్రువు ఉంది, పుస్తకాల్లో పెద్దగా కనపడదు. చీమ. మేతగా పెట్టే ఉడికించిన గుడ్డు పొడి వాసనకి వచ్చి, రాత్రికి రాత్రి కొత్తగా పుట్టిన పిల్లని పట్టేస్తాయి. పంజరం స్టాండు నాలుగు కాళ్లనీ నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంచండి. గోడకి ఆనించకండి. చీమలమందు గీత ఆ గదిలోనే వద్దు.

గుడ్లు

కలయిక మొదలైన వారం, రెండు వారాల్లో మొదటి గుడ్డు వస్తుంది. తర్వాత రోజు విడిచి రోజు ఒకటి. పెట్ట పెద్ద పెద్ద రెట్టలు వేస్తుంటే, తోక కింద ఉబ్బి ఉంటే గుడ్డు దగ్గరలో ఉన్నట్టు. రెండో మూడో గుడ్డు నుంచి గట్టిగా పొదగడం మొదలుపెడతాయి. పగలంతా తండ్రి, రాత్రంతా తల్లి. డ్యూటీ మారే ఆ క్షణం చూడటానికి నేను సాయంత్రం పనులన్నీ ముందే ముగించుకుంటాను. మగది బయటికొచ్చి ఒళ్లు విరుచుకుని, రెక్కలు చాచి, నేరుగా నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్తుంది. స్నానానికి వెడల్పాటి గిన్నె పెట్టండి. కడుపు ఈకలు తడుపుకుని గుడ్ల మీద కూర్చుంటాయి, గూట్లో కావలసిన తేమ అలా వస్తుంది.

ఆరో ఏడో రోజున, పక్షి తనంతట తాను బయటికొచ్చినప్పుడు, చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డుని రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. లోపల జీవం ఉంటే మధ్యలో చిన్న నల్లచుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఆ చుక్క కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. పచ్చగా, ఖాళీగా వెలిగితే వట్టి గుడ్డు. చూడాలనిపించినప్పుడల్లా చూడకండి, ఒకటి రెండుసార్లు చాలు. 18 నుంచి 21 రోజుల్లో పిల్ల వస్తుంది. పెంకు మీద మొదటి పగులు కనిపించాక 24 నుంచి 48 గంటలు కూడా పట్టొచ్చు. మీరు పెంకు ఒలవకండి. లోపలి నరాల్లో రక్తం ఇంకా ఉంటుంది.

ఇక్కడ మా పెట్ట సిరి సంగతి చెప్పాలి. మొదటి విడత పిల్లలు గూడు దిగిన వెంటనే అది మళ్లీ బాక్స్‌లో దూరింది. అదే ఇష్టపడుతోంది కదా అని బాక్స్ తీయలేదు. తప్పు నాదే. రెండో విడతలో మూడో గుడ్డు రావాల్సిన రోజు తెల్లవారి అయిదున్నరకి లేచి చూస్తే పంజరం అడుగున ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా కూర్చుంది. శ్వాస తీసుకున్నప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. చేతిలోకి తీసుకుంటే కాళ్లు వేలు పట్టుకోవడం లేదు. గుడ్డు ఇరుక్కుంది. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, తడి గుడ్డతో తేమ చేసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా పెట్టె మూత మీద చెయ్యి పెట్టి ఊపిరి వినబడుతోందా అని చూస్తూనే ఉన్నాను. డాక్టరు కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, వెచ్చటి తేమ గదిలో ఉంచారు. మధ్యాహ్నానికి మెత్తటి పెంకుతో గుడ్డు వచ్చింది. సిరి బతికింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు బాక్స్ అటక మీదే ఉంది.

ఈ లక్షణాలు కనిపిస్తే గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి. కడుపు నొక్కి గుడ్డు తీయాలని చూడకండి, లోపల పగిలితే ప్రాణం పోతుంది. నూనె పోయడం లాంటి చిట్కాలు వద్దు. వెచ్చగా, అంటే 30 డిగ్రీల పైన, తేమగా ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పక్షుల్ని చూసే డాక్టరు నంబరు బాక్స్ పెట్టే ముందే మీ ఫోన్లో ఉండాలి. మీ ఊళ్లో అలాంటి డాక్టరు లేకపోతే, ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకుని ఆ ప్రయాణం చేయగలరో లేదో తేల్చుకున్నాకే మొదలుపెట్టండి.

పిల్లలు, చెంచా తిండి

పుట్టిన పిల్ల నాలుగైదు గ్రాములుంటుంది. కళ్లు మూసుకుని, పసుపురంగు నూగుతో ఉంటుంది. తెల్లముఖం రకాల్లో నూగు తెల్లగా ఉంటుంది. గుడ్లు రెండేసి రోజుల తేడాతో వస్తాయి కాబట్టి పెద్ద పిల్లకీ చివరి పిల్లకీ వారం తేడా ఉండొచ్చు. చిన్నదానికి తిండి అందుతోందో లేదో రోజూ చూడాలి. గొంతు కింద మేత సంచి నిండుగా, లోపలి గింజలు చర్మం గుండా కనిపిస్తుంటే నిశ్చింత. ఖాళీగా వేలాడుతుంటే, పిల్ల చల్లగా తగిలితే ప్రమాదం. వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ పొద్దున ఒకే వేళకి బరువు చూసి పుస్తకంలో రాయండి. రోజురోజుకీ పెరగాలి.

తొమ్మిది పది రోజులకి కళ్లు తెరుస్తాయి. రెండో వారంలో ఈకల ముళ్లు పొడుచుకొచ్చి పిల్ల ముళ్లపందిలా ఉంటుంది. చూడవచ్చిన చుట్టాలు భయపడతారు, నాకు మాత్రం ఆ వయసులోనే ముద్దొస్తాయి.

ఈ రెండు మూడు వారాల వయసులోనే మన మార్కెట్లో పిల్లల్ని గూట్లోంచి తీసి అమ్మేస్తారు. "మీరే తినిపిస్తే మీకే మాలిమి అవుతుంది" అని చెబుతారు. నా అభిప్రాయంలో ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే. కొన్నవాళ్లకి తినిపించడం రాదు. పక్షిపిల్లల ఫార్ములా వేడి ఎక్కువైతే మేత సంచి కాలి చిల్లు పడుతుంది, ఆ పుండు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు. చల్లబడితే అరగక సంచిలోనే పులిసిపోతుంది. సిరంజి తొందరగా నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసిపిల్లల సీరియల్ కలిపి పెట్టమని చెప్పేవాళ్లూ ఉన్నారు, అది పక్షిపిల్ల పెరుగుదలకి సరిపోయే తిండి కాదు. వీటన్నిటినీ దాటి బతికిన పిల్ల కూడా, ఒంటరిగా మనుషుల మధ్యే పెరిగితే, తను పక్షినన్న సంగతి నేర్చుకోకుండానే పెద్దదవుతుంది. పెద్దయ్యాక మీ చేతినే జోడీ అనుకుంటుంది, ఇంకో కాకటీల్‌ని చూస్తే బెదురుతుంది.

మాలిమి కావాలంటే వేరే దారి ఉంది. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరే ఉంచి, రెండు వారాలు నిండాక రోజుకి రెండుసార్లు పది నిమిషాలు చేతిలోకి తీసుకోండి. చేతులు కడుక్కుని, వెచ్చగా రుద్దుకుని, మెల్లగా మాట్లాడుతూ. మళ్లీ గూట్లో పెట్టేయండి. మా ఇంట్లో పిల్లలన్నీ ఇలా పెరిగినవే, భుజం మీద కూర్చుని చెవిపోగు లాగుతాయి, అమ్మానాన్నల పక్కన గింజ ఒలవడం కూడా నేర్చుకున్నాయి.

తల్లిదండ్రులు వదిలేస్తేనో, చనిపోతేనో చెంచా తిండి తప్పదు. అది గుడ్లు రాకముందే, చేతనైనవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుని ఉండాలి. పక్షిపిల్లలకని తయారైన ఫార్ములా కొత్త డబ్బా ఇంట్లో ఉంచుకోండి. థర్మామీటరుతో చూసి 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే తినిపించాలి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే అక్కడక్కడ మరుగుతుంది, కాబట్టి వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి. పిల్ల నోటికి ఎడమవైపు నుంచి కుడివైపుకి పోస్తే ఆహారనాళంలోకి వెళుతుంది. ఒక్కోసారికి దాని బరువులో పదోవంతు లెక్క. రోజుకి ఒక్కసారైనా సంచి పూర్తిగా ఖాళీ కానివ్వాలి. ఈకలు రాని పసిపిల్లలకి మొదటి రోజుల్లో 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. రాత్రి కూడా లేవాల్సి ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లి ఎనిమిది గంటల తర్వాత వచ్చే ఇంట్లో ఇది సాధ్యం కాదు.

నాలుగైదు వారాలకి పిల్లలు గూడు దిగుతాయి. ఎగరడం వచ్చాక కూడా తండ్రి ఇంకొన్ని వారాలు తినిపిస్తూనే ఉంటాడు. ఎనిమిది నుంచి పది వారాలకి గానీ పూర్తిగా సొంత తిండి కాదు. ఎగరడం బాగా నేర్చేవరకు రెక్కలు కత్తిరించకండి. ఈ మధ్యలో తల్లో తండ్రో పిల్లల వీపు ఈకలు పీకుతుంటే, అది మళ్లీ గుడ్లకి తొందరపడుతోందని అర్థం. బాక్స్ తీసేయండి.

ఆపడం

గుడ్లు పెట్టించడం ఎవరికైనా వస్తుంది. ఆపడం రావాలి. మగపక్షి లేకపోయినా ఒంటరి పెట్ట కూడా గుడ్లు పెడుతుంది కాబట్టి, పొదిగించే ఉద్దేశం లేనివాళ్లకి కూడా ఇది కావాలి.

ముందు బాక్స్, అట్టపెట్టెలు, సోఫా కింద మూలలు, చీకటి సందు అనిపించేదేదైనా మూసేయండి. గుడ్డు పొడి, మొలకలు తగ్గించండి. పగటి వెలుగు 8 నుంచి 10 గంటలకి కుదించండి, అంటే సాయంత్రం ఆరింటికే గుడ్డ కప్పేసి, పొద్దున ఆలస్యంగా తీయాలి. టీవీ చూస్తూ రాత్రి పదకొండు వరకు హాల్లో లైటు కింద ఉంచితే అది పొడవైన పగలే. వీపు నిమరకండి, తల మాత్రమే గోకండి. పంజరం ఉండే చోటు మార్చండి.

అయినా గుడ్డు పెడితే తీసి పారేయకండి. తీసేసిన కొద్దీ లోటు పూడ్చడానికి ఇంకోటి పెడుతుంది, కాల్షియమంతా అలాగే కరిగిపోతుంది. పెట్టిన రోజే, లోపల ఏమీ పెరగకముందే, గుడ్డు ఉడికించి చల్లార్చి మళ్లీ దాని కిందే పెట్టండి. ప్లాస్టిక్ గుడ్లు దొరికితే అవైనా సరే. మూడు నాలుగు వారాలు పొదిగి, పిల్ల రాదని తెలిసి, దానంతట అదే వదిలేస్తుంది. జంటలకి కూడా నేను ఇదే చేస్తున్నాను. నా దగ్గర ఇళ్లు రెండే ఉంటే రెండు గుడ్లనే పిల్లలు కానిస్తాను. ఎంత బలంగా ఉన్న పెట్టకైనా ఏడాదికి రెండు విడతలు మించకూడదు. నేను ఒక్కటి దాటడం లేదు.

పిల్లని పంపే రోజు

పది వారాలు నిండాకే, వరసగా వారం రోజులు ఎవరూ తినిపించకుండా బరువు నిలబెట్టుకున్న పిల్లనే పంపండి. తీసుకెళ్లే వాళ్లని ఇంటికి పిలిచి, పంజరం ఎదురుగా అరగంట కూర్చోబెట్టండి. పొద్దున్నే ఆ అరుపు వినాలి, ఆ పొడి చూడాలి, వేలు మీద రెట్ట పడాలి. అప్పటికీ కావాలంటే మాట్లాడండి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉందా, పిల్లి ఉందా, సెలవుల్లో ఊరెళ్తే ఎవరు చూస్తారు, పక్షి డాక్టరు ఎవరు అని నేను అడుగుతాను. కోపం తెచ్చుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. పరవాలేదు.

పిల్లతో పాటు అది తినే గింజలు ఒక కిలో, రోజుకి ఏమేం తింటుందో రాసిన కాగితం, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరం, ఆ రోజు బరువు ఇస్తాను. కాగితం కింద ఒక వాక్యం ఉంటుంది. ఎప్పుడైనా, ఏ కారణానికైనా ఉంచుకోలేకపోతే మళ్లీ మాకే ఇవ్వాలి అని. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ఆ వాక్యం మారదు. మూడో రోజు నేనే ఫోన్ చేసి బరువెంత ఉందో అడుగుతాను. కొత్త ఇంట్లో మొదటి రెండు రోజులు తిండి తగ్గుతుంది, మూడో రోజుకి కోలుకోవాలి.

పోయిన నెల ఒక ఫోన్ వచ్చింది. మూడేళ్ల క్రితం మా దగ్గర్నుంచి వెళ్లిన పిట్ట. వాళ్లు దుబాయ్ వెళ్తున్నారు, తీసుకెళ్లడం కుదరదట. ఆదివారం వెళ్లి తెచ్చుకున్నాను. పంజరంతో గుమ్మంలోకి అడుగుపెట్టగానే లోపలి గదిలోంచి ఆ పిట్ట నాన్న ఈల వేశాడు. దాని తురాయి నిటారుగా లేచింది. ఇప్పుడది పక్క గదిలో తన నలభై అయిదు రోజుల క్వారంటైన్‌లో ఉంది.